పాలు మానిన తర్వాత

అక్కా,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బావా, పాపా కులాసా అని తలుస్తాను. నువ్వూ కులాసాయేనని రాయడానికి మాత్రం ఈసారి చెయ్యి రావడం లేదు.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను, వేళకే తింటున్నాను. గొడవలు మాత్రం మానలేదు. ఎలుకలకు ముక్కిపోయిన దాణా పంపాడని స్టోరు గుమాస్తాను నలుగురిలో నిలదీశాను. "ఎలుకల చేత కూడా యూనియన్ పెట్టిస్తావేంట్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, దాణా మార్పించాకే.

మా ప్రయోగశాలలో తల్లి ఎలుకల దగ్గర్నుంచి పిల్లల్ని వేరుచేయడం నా పని. తాగేవాళ్ళు లేకపోతే, "ఇక చాలు, చచ్చిపోండి" అని రొమ్ములోని పాలకణాలకు కొన్ని ప్రోటీన్లు కబురు మోస్తాయి. ఆ కణాలు బుద్ధిగా చచ్చిపోతాయి. రెండు రోజుల్లోపు పిల్లల్ని తిరిగి పెడితే పాలు మళ్ళీ పడతాయి. ఆ తర్వాత ఎంత పెట్టినా లాభం లేదు.

పాప పాలు మానిన నెలకు రొమ్ములో గడ్డ తగిలిందని నువ్వు రాశావు. "మా పరిశోధకురాలిని అడిగాను. అవి చచ్చే పాలకణాలేనట, వాటంతటవే కరిగిపోతాయట. ఆసుపత్రివాళ్ళు కత్తి నూరుకుని కూర్చుంటారు, వెళ్ళకు" అని జవాబు రాశాను.

నేనెవరినీ అడగలేదక్కా. ఆసుపత్రుల దోపిడీ మీద మావాళ్ళు వేసిన కరపత్రంలో చదివింది సగం, బోనుల దగ్గర చూసింది సగం. ఆవిడ మాటగా రాస్తే నమ్ముతావని అలా రాశాను. బావ తీసుకెళ్తానంటే నా ఉత్తరం చూపించి ఆపావట కదా.

గడ్డ రాయిలా అయిందని, చంకలోనూ తగులుతోందని నువ్వు రాశాక, నిన్న ఆవిడను నిజంగానే అడిగాను. ఆవిడ చేతి తొడుగులు తీసేసింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు."

"చావమన్న కబురు వినని కణాలూ ఉంటాయయ్యా. ఇన్నాళ్ళూ నా పక్కనే ఉన్నావు, ఒక్క మాట అడగలేకపోయావా?"

దోపిడీ, అజ్ఞానం అంటూ ఊరందరికీ ఉపన్యాసాలు దంచిన నోటితోనే, ఆవిడ పేరు వాడుకున్నానని ఒప్పుకున్నాను.

ఈ ఉత్తరం బావకు చూపించు. తిట్టనీ. అందిన రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి. నేను శనివారం బయల్దేరుతున్నాను. గుమ్మంలోకి రానివ్వకపోతే ఆసుపత్రి వసారాలో ఉంటాను.

తగ్గుతుందా అని ఆవిడను మూడుసార్లు అడిగాను. మూడోసారికి, "రా, బోనులు కడుగుదాం" అని తనే బ్రష్షు అందుకుంది.

ఇట్లు,
నిన్ను నమ్మించిన
తమ్ముడు