ఢిల్లీకి పట్టుకెళ్తున్న లాగ్‌బుక్కు

రూతూ,

పెట్టెలో నీ లాగ్‌బుక్కు లేదని కంగారుపడకు, నేనే పట్టుకెళ్తున్నాను. అన్నం వార్చేను, పులుసు వేడి చేసుకో. స్కూలుకి సెలవు పెట్టేను. విజయవాడ వెళ్ళి ఢిల్లీ బండి ఎక్కుతాను.

ఆస్ట్రేలియా నుంచి ఉత్తరం రాలేదన్నాను కదా, అది అబద్ధం. వచ్చి నెల్లాళ్ళయింది. నీ దిండు కింద పెట్టేను, చదువు. నీ పైలట్ లైసెన్సుని అక్కడి లైసెన్సుగా మార్చాలంటే, నువ్వు ఎన్ని గంటలు విమానం నడిపేవో నీ లాగ్‌బుక్కులో లెక్క చూసి ఢిల్లీ ఆఫీసు రాసిచ్చిన కాగితం వాళ్ళకి అందాలట. అప్పుడే పరీక్షకి కూర్చోనిస్తారట. గడువు ఇంకా పదిహేను రోజులే. పోస్టు సముద్రం దాటడానికే వారం పైన పడుతుంది. అందుతుందో లేదో తెలీదు.

రోజూ సాయంత్రం "ఉత్తరం ఏమన్నా వచ్చిందాండీ?" అని అడిగేదానివి. మొన్న అడగలేదు. పుస్తకాలన్నీ అటకెక్కించేసి, "పోనీలెండి, నాకు రాసిపెట్టి లేదు" అన్నావు. ఆ మాట దగ్గర్నించి నాకు ముద్ద దిగలేదు.

నువ్వు ఎగరడం నాకు ఇష్టం లేక కాదు. ఆ దేశంలో తెలుగు మేష్టారితో ఎవరికి పని? ఆ బెంగతోనే దాచేను. పుస్తకాలు కిందకి దించి చదువుకో.

ఇశ్రాయేలు

మీ నాన్నగారు అడిగితే ఢిల్లీ వాళ్ళు ఆలస్యం చేసేరని చెప్పకు. మా ఆయనే చేసేరని చెప్పు.