పావుగంట మౌనం

అక్కా,

నువ్వు పోయి ఏడాదయింది. మన ట్యూషన్ నడపాలో, మూసేయాలో తేలక, ఈ రోజు తిరుపతిలో చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ల బృందంలో చేరాను. నెలకోసారి ఒకరి చిక్కు గురించి అందరూ కలిసి ఆలోచిస్తారు. చెప్పుకున్న మనిషి మాత్రం పావుగంట నోరు మెదపకూడదు. ఈసారి చెప్పుకున్నది నేనే, అయినా రెండుసార్లు మధ్యలో మాట్లాడేశాను.

"టీచరమ్మా, ఈడ నువ్వే పిల్లవి. గమ్మునుండి ఇను," అంది ఇడ్లీపిండి అమ్మే రమణమ్మ.

కిటికీ వైపు తిరిగాను. అందులో కొండ మబ్బులోకి కరుగుతోంది. వాళ్ల మాటలు నీళ్ల అవతలి నుంచి వస్తున్నట్టు, నేనెక్కడో తేలుతున్నట్టు అనిపించింది.

"మీయక్క లెక్కలు చెప్తా ఉండె. నీకేం చెప్పాలనుండాది?" అని రమణమ్మే అడిగింది.

నన్నెవరూ అడగని మాట అది. నువ్వు కూడా అడగలేదు. నియమం తప్పి, "తెలుగు" అన్నాను.

రేపు మన బోర్డు మీద 'లెక్కలు' చెరిపించి, 'తెలుగు' అని రాయిస్తున్నాను. ఏమీ అనుకోకక్కా.