రేకులో లేని మచ్చ

గూడూరు, శనివారం రాత్రి

అభ్రకం షెడ్డులో మచ్చలున్న మైకా రేకులు ఏరి పక్కన పడేయడం నా పని. నిన్న షెడ్డులో ఏ రేకును వెలుతురుకు పట్టినా నడుమ బూడిదరంగు మచ్చ. అన్నిటికీ ఒకటే మచ్చ, ఒకటే ఆకారం. నేను పడేసిన వాటిలోంచి పక్కనున్న రత్నమ్మ ఒకటి తీసి చూసింది.

"అక్కా, ఇది తేటగా ఉండాదే. మచ్చ యాడుండాది?"

తలెత్తాను. మచ్చ ఆమె నోటి మీద ఉంది.

ఈరోజు నెల్లూరు వెళ్లాను. కంటి డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశారు. "కంటి వెనక పొర నడుమ అరిగిపోతా ఉండాదమ్మా. వయసుతో వచ్చేదే, అద్దాలు పనిచెయ్యవు. పూర్తిగా చీకటి కాదులే, నడిమి చూపే పోతాది" అన్నారు. ఇన్నేళ్లూ నాకు కూడు పెట్టింది ఆ నడిమి చూపే.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. పంచె ఉంది, భుజాన తువ్వాలుంది, రెండు చెవులూ ఉన్నాయి. ముఖం లేదు. ఆ లేనిచోటి నుంచి "ఏమన్నాడు డాక్టరు?" అని గొంతు వచ్చింది.

పక్కనున్న గోడ వైపు చూశాను. అప్పుడు కంటి అంచున ఆయన ముఖం కనపడింది, కంగారుగా నన్నే చూస్తూ.

"ఏం ఫర్లేదన్నాడు" అని గోడకు చెప్పాను.