బావ గొంతు ఉన్న డిస్క్

అక్కా,

బాగున్నావా అని అడిగి ఈ ఉత్తరం మొదలుపెట్టే మొహం నాకు లేదు. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, అసలు సంగతి చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను. బావ ఇంట్లో లేనప్పుడు కూర్చుని చదువు.

వచ్చే గురువారం, ఫ్యాక్టరీలో నాతో పనిచేసే గుండు కేసు విచారణ. అక్కడ అందరి ముందూ నేనొక డిస్క్ వినిపించబోతున్నాను. అందులో ఉన్నది బావ గొంతు.

చించేయకు. మొత్తం చెబుతాను.

పాటలు వినడానికీ, రికార్డు చెయ్యడానికీ పనికొచ్చే నా మినీడిస్క్ ప్లేయర్ కొనిపెట్టింది బావే. మీ పెళ్ళయిన కొత్తలో, బావమరిదికి లంచం అని నువ్వు ఏడిపించేదానివి. లంచమే అయితే, అంత బాగా పనిచేసిన లంచం ఇంకోటి లేదు. సెలవు దొరికితే చాలు, ఇద్దరం పాత సామాన్ల కొట్ల వెంట పడేవాళ్ళం. చిక్కుపడ్డ ఇయర్‌ఫోన్ల కుప్పలో చేతులు పెట్టి, ఏ తీగ ఏ ప్లేయర్‌దో పోల్చుకుంటూ కూర్చుంటే కొట్టువాడు విసుక్కుని దీపం ఆర్పేసేవాడు. అలా దొరికిందే నా రిమోట్. ఇయర్‌ఫోన్ తీగ మధ్యలో వేలెడంత ముక్క, దానికో చిట్టి తెర, అందులో పాట పేరు చీమల బారులా నడిచిపోతుంది. చూయింగ్ గమ్ పలకంత బ్యాటరీ. మూత వేస్తే టక్కుమని ఒక చప్పుడు వస్తుంది, దానికోసమే ఊరికే తెరిచి మూసేవాళ్ళం. బావ తనకని కెమెరా కూడా ఉన్న రకం తెచ్చుకున్నాడు, గుర్తుందా? "పాటల డబ్బాకి కెమెరా ఏంటండీ, రేపు గరిటెకి గడియారం పెడతారా?" అన్నావు. ఆయన నీ ఫోటో తీస్తే నీ ముక్కు ఒక్కటే పడింది. నువ్వు అలిగావు. నేను నేలమీద పడి దొర్లి నవ్వాను.

పాటని మధ్యలో ఎలా కొయ్యాలో, అక్కర్లేని ముక్క ఎలా చెరపాలో నాకు నేర్పింది కూడా ఆయనే. క్యాసెట్టు టేపు కత్తిరించినట్టు కాదు ఇది. ఒక్క బటన్ నొక్కితే చాలు. అతుకు ఎవరికీ వినిపించదు.

ఇప్పుడు గుండు సంగతి. రేకులు నొక్కే మా ప్రెస్‌కి రెండు బటన్లుంటాయి, చేతులు బార్లా చాపితే తప్ప అందనంత ఎడంగా. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉంటే వేళ్ళు ప్రెస్ కింద ఉండవు. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే ఏర్పాటు. ఎడమ బటన్‌కి టేపు చుట్టి నొక్కిపెట్టేస్తే మాత్రం ఎడం చెయ్యి ఖాళీ అవుతుంది, ఆ చేత్తో రేకులు అందించుకోవచ్చు, పని పరుగెత్తుతుంది. గుండు ఎడం చేతికి ఇప్పుడు బొటనవేలు ఒక్కటే మిగిలింది. టేపు వాడే చుట్టుకున్నాడని కంపెనీ నివేదిక. కింద సూపర్‌వైజర్ సంతకం. మన బావ సంతకం.

తర్వాత ఒక మధ్యాహ్నం బావ నా గదికి వచ్చాడు. నేను కొత్తగా కొన్న మైకు చొక్కాకి తగిలించుకుని, కిటికీ దగ్గర వీధి చప్పుడు రికార్డు చేస్తూ ఎలా ఉందో చూసుకుంటున్నాను. బావ మంచం మీద కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా, "టేపు చుట్టమని గుండుకి చెప్పింది నేనేరా" అన్నాడు. నేను రికార్డర్ ఆపలేదు. మర్చిపోయి కాదు అక్కా. ఆపలేదు.

ఆ రాత్రి దాన్ని శుభ్రం చేశాను. ఏడుపు తీసేశాను. మేనేజర్ ఇలా అన్నాడు, అలా బెదిరించాడు అనే సాకులు తీసేశాను. పైవాడి పేరు చెప్పి తప్పుకోని కిందివాడు ఏ దేశంలో ఉన్నాడు? నేను చదివిన ఒక చిన్న పుస్తకంలో ఉంది, ఆజ్ఞని మోసిన భుజం కూడా ఆజ్ఞలో భాగమేనని. "ఎవరికీ చెప్పను బావా" అన్న నా మాట కూడా తీసేశాను. అది పిరికిమాట. డిస్క్ నిండా బావ నాకోసం ఎక్కించిన పాటలే, వాటిని చెరపడానికి మనసొప్పలేదు. కోసిన ముక్కల వల్ల మిగిలిన చోటులో ముందుమాటగా నా ఉపన్యాసం రికార్డు చేశాను. "ఇది ఒక్క చేతి కథ కాదు, చేతులున్న ప్రతి మనిషి కథ" అని మొదలవుతుంది. నిలబడి చెప్పాను. బాగానే వచ్చింది.

నువ్వు బావకి చెప్పినా సరే. వెనకనుంచి కొట్టాడనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. నీ మొగుడని వదిలేస్తే రేపు నేను చదివిన ప్రతి కాగితమూ నా మొహాన ఉమ్ముతుంది.

నీ తమ్ముడు
(ఈసారికి మిరపకాయ్ అని పిలవకు. ఆ సరదాలో లేను.)


అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. బావకి చెప్పలేదని కూడా తెలిసిపోయింది. స్పీకర్లోంచి తన గొంతు వచ్చినప్పుడు ఆయన మొహం చూశాను. ముందే తెలిసినవాడి మొహం అలా ఉండదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను, నాకోసం ఏదీ తగ్గించను.

పొడుగాటి బల్ల. ఒక చివర విచారణ అధికారి, ఒక పక్క మేనేజరు, వాళ్ళ వకీలు, బావ. ఇవతలి పక్క గుండు, వాడి భార్య, మా కార్మిక సంఘం వకీలు, నేను. ఇయర్‌ఫోన్ దూర్చే చోట చిన్న స్పీకర్లు తగిలించాను. ముందు నా ఉపన్యాసం వచ్చింది. అధికారి కళ్ళజోడు తీసి, "ఇదేంటి బాబూ, నాటకమా?" అన్నాడు. అందరూ నవ్వారు. గుండు కూడా నవ్వాడు. ఆ తర్వాత బావ గొంతు. "టేపు చుట్టమని గుండుకి చెప్పింది నేనేరా. వాడు వద్దన్నాడు. నేనే చుట్టించాను." నవ్వులు ఆగిపోయాయి.

వాళ్ళ వకీలు గొడవ చేస్తాడనుకున్నాను, జవాబులు కంఠతా పట్టి వెళ్ళాను. అతను కదల్లేదు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. "ఇంకోసారి వెయ్యి బాబూ" అన్నది మేనేజర్! మళ్ళీ వేశాను. ఆయన శ్రద్ధగా విని తల ఊపి, "మా సూపర్‌వైజర్ మా నియమాలకి విరుద్ధంగా ఇంత పని చేశాడని ఈ అబ్బాయి వల్లే తెలిసింది. అబద్ధపు నివేదిక ఇచ్చి మమ్మల్నీ మోసం చేశాడు" అన్నాడు. లేచి వచ్చి నాకు చెయ్యి అందించాడు. అక్కా, నేను ఆ చెయ్యి పట్టుకుని ఊపాను. అలవాటు కొద్దీ.

అంతే. తప్పు కంపెనీది కాదట, ఒక మనిషి సొంత పెత్తనమట. గుండు ఏమైనా రాబట్టుకోవాలంటే బావ మీద పడి రాబట్టుకోవాలట. బావని అక్కడికక్కడే సస్పెండ్ చేశారు. అప్పుడు కూడా ఆయన మేనేజర్ పేరు ఎత్తలేదు. నావైపు చూడలేదు.

బయట గుండు భార్య నన్ను ఆపింది. "మీ ఇంటి మనుషుల మీద నీకు కోపముంటే ఇంట్లో తిట్టుకోవాల్సింది. మధ్యలో మా ఆయన చెయ్యి ఎందుకు వాడుకున్నావ్?" గుండు ఆమె భుజం పట్టుకుని లాగుతూ, "వదిలెయ్యవే, వాడు మంచోడే, చదివింది అరగలేదు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నేను కోసేసిన ముక్కలో ఏముందో నీకు చెప్పాలి. టేపు చుట్ట స్వయంగా తెచ్చింది మేనేజరు. బావ కాదన్నాడు. మళ్ళీ కాదన్నాడు. "నువ్వు చుట్టించకపోతే చుట్టించేవాణ్ణి నీ కుర్చీలో కూర్చోబెడతా. కంపెనీ క్వార్టర్ తాళాలు పొద్దున్నే నా టేబుల్ మీద ఉండాలి" అని మేనేజరు బెదిరించాడట. అది చెబుతూనే బావ ఏడ్చాడు. నేను ఏడుపుతో పాటు అదీ తీసేశాను.

విచారణ అయ్యాక ఆ పాత సామాన్ల కొట్టువాడి దగ్గరికి పరుగెత్తాను. "చెరిపిన మాట ఎక్కడికీ పోదు. విషయసూచికలో దాని పేరు కొట్టేస్తుందంతే, గొంతు డిస్క్ మీదే ఉంటుంది, తిప్పలు పడితే వెనక్కి తేవచ్చు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "పైన ఇంకేమైనా రికార్డు చేశావా?" అన్నాడు. ఉపన్యాసం అన్నాను. "ఖాళీ ఉన్నది ఆ చోటేనా?" అదే అన్నాను. "అయితే ఇంక లేదు" అని, ఎవరిదో ప్లేయర్ మూత విప్పే పనిలో పడ్డాడు.

బావ నిజం ఉన్న చోట ఇప్పుడు నా కేకలున్నాయి. ఒక్క పాట చెరిపి ఉంటే సరిపోయేది. పాటలన్నీ భద్రంగా ఉన్నాయి.

వచ్చేవారం మళ్ళీ విచారణ. నేను కోశానని ఒప్పుకుంటే డిస్క్ చెత్తబుట్టలోకి పోతుందని మా వకీలు అంటున్నాడు. అప్పుడు పాత నివేదికే నిలుస్తుంది, టేపు గుండే చుట్టుకున్నట్టు. ఒప్పుకోకపోతే బావ ఒక్కడే దోషి. ఎటు తిప్పినా మేనేజర్ చొక్కా నలగదు. నేను ఒప్పుకోవాలనే అనుకుంటున్నాను. కానీ అలా చేస్తే గుండుని నా చేతులతో ఇంకోసారి ప్రెస్ కింద పెట్టినట్టే కదా? ఏం చెయ్యను? నాకు భయంగా ఉంది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నా దగ్గరున్న ఒక్క కాగితమూ చెప్పడం లేదు.

తిట్టు. కానీ రాయి.

నీ తమ్ముడు


మిరపకాయ్,

నీకు ఇష్టమున్నా లేకపోయినా అదే పేరు. ముద్దుగా పిలవడం లేదు, ఇంకో పేరు చేతికి రావడం లేదు.

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది మీ బావకి చూపించలేదు. ఎందుకో విను. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచీ ఆయన కంచం ముందు కూర్చుని వేళ్ళు చూసుకుంటున్నారు. తినమంటే తింటారు, ఆపమంటే ఆపుతారు. నువ్వు వినిపిస్తానని రాసినప్పుడు, పోనీలే, ఈ దెబ్బతోనైనా బయటపడతారనుకున్నాను. సాకులు తీసేశానని నువ్వు రాసింది చదివాను. మేనేజర్ టేపు తెచ్చిన సంగతే తీసేసేంత మొద్దువని మాత్రం అనుకోలేదు. అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఇందులో నా వంతు నాది. అది నువ్వు మొయ్యనక్కర్లేదు.

ఇప్పుడు నీకు తెలియనిది చెబుతాను. నివేదిక మీద సంతకం ఆఫీసులో జరగలేదు. మేనేజరే మా ఇంటికి వచ్చాడు. నేను లోపలి గదిలో బట్టలు మడతపెడుతున్నాను, తలుపు ఓరగా ఉంది. "టేపు నేనిచ్చానని ఎక్కడైనా నోరు జారావో, గుండుతో పాటు నీకూ చేతులుండవు. వాడే చుట్టుకున్నాడని రాయి" అన్నాడు. ఆ ముక్కలన్నీ నా చెవులతో విన్నాను. తర్వాత మంచినీళ్ళు అడిగితే తెచ్చి ఇచ్చాను. గ్లాసు అందుకుంటూ, "మీ ఆయన అదృష్టవంతుడమ్మా" అని నవ్వాడు.

పెళ్ళాం మాట ఎవరు నమ్ముతారంటావు. నమ్మకపోతే మానేస్తారు. కానీ అడిగి రాసుకోకుండా ఉండటానికి వీల్లేదట, మీ వకీలు దగ్గర కనుక్కున్నాను. కాబట్టి గురువారం నువ్వు కోశానని చెప్పు. పూర్తిగా చెప్పు, ఉపన్యాసం లేకుండా. డిస్క్ పోతే పోనీ. ఆ తర్వాత లేచి చెప్పేది నేను.

గుండు ఇంటికి వెళ్ళాను. వాడి భార్య గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. నిలబెట్టే మొత్తం విన్నది. "ఇల్లు పోతే ఇంకో ఇల్లు అద్దెకి దొరుకుతుంది మీకు" అంది. తలుపు వెయ్యబోతూ, "గురువారం ఎన్నింటికి?" అని అడిగింది. చెప్పాను.

కంపెనీవాళ్ళు మీ బావకి ఇంకో కాగితం పంపారు. తప్పంతా తనదేనని సంతకం పెడితే పోలీసుల దాకా పోనివ్వరట, క్వార్టర్ కూడా ఉండనిస్తారట. ఆయన దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

"పెడతారా?" అన్నాను.

"పెడితే నీ తలమీద కప్పు ఉంటుంది."

"ఆ కప్పు కింద నేను మీ మొహం చూస్తూ ఉండలేను" అన్నాను. ఇన్నేళ్ళలో ఆయనతో అంత మాట అన్నది ఇదే మొదలు.

మర్నాటి నుంచి గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. పక్కింటావిడ వచ్చి "బదిలీయా?" అంటే, అలాంటిదే అన్నాను. మీ బావ సాయం చెయ్యలేదు, వద్దనీ అనలేదు. నిన్న మాత్రం స్టూలు ఎక్కి, అటక మీద పెద్ద పెట్టె ఆయనే దించి, దుమ్ము తుడిచి నా ముందు పెట్టారు. కాగితం మీద సంతకం పెట్టలేదు. గురువారం ఆయన నోరు విప్పుతారో లేదో నాకు తెలీదు. నేను చెప్పేది మాత్రం ఆయనకి తెలుసు. ఆపలేదు.

ఎక్కడికి వెళ్తామో ఇంకా అనుకోలేదు. కొన్నాళ్ళు నీ గదిలో ఉందామా అని అడిగాను, నీ ముఖం చూసి కాదు, వేరే దారి లేక. ఆయన అన్నారు, "వాడి ముందు కూర్చుంటే, వాడు వింటున్నాడో రికార్డు చేస్తున్నాడో నాకెలా తెలుస్తుంది?"

దానికి జవాబు నీ దగ్గర ఉంటే రాసి పంపకు. గురువారం వచ్చినప్పుడు ఆయన పక్కన ఖాళీ కుర్చీ ఉంటుంది. కూర్చోనిస్తారో లేదో చూడు.

అక్క