మూడో వాల్వు కాగితం

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

మేం బాగానే ఉన్నాం, మీ అమ్మ మోకాలే మాట వినడం లేదు. కళ్లద్దాలు మార్చావా అని అడిగావు. మార్చాను. అందుకే ఈసారి ఎవరిచేతా రాయించకుండా నేనే రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది.

ఆస్పత్రిలో రోగికి ఎంత మందు ఎక్కించాలో చెప్పే కంప్యూటరు ప్రోగ్రాం మీది. దాన్ని తయారుచేసినతను ఉద్యోగం మానేస్తున్నాడు. ఏది ఎందుకలా పెట్టాడో ఎక్కడా రాసి లేదు. "అంతా అతని తలలో ఉంది, ఫోన్ చేస్తే చెబుతాడు, అన్నీ అప్పగించాడని నువ్వు సంతకం పెట్టు" అంటున్నాడు మీ మేనేజరు. పెట్టనా నాన్నా అన్నావు.

పెట్టకు.

నేను పనిచేసిన ఫ్యాక్టరీ బాయిలరు గదిలో మూడో వాల్వు మరమ్మతులో వేరే రకం బిగించారు. మిగతావన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి, అది తెరుచుకుంటుంది. ఇంజనీరు రాసిపెట్టమన్నాడు. "నేనుండగా రాతలెందుకు సార్" అన్నాను. సరిగా రాయడం రాదని చెప్పడానికి నామోషీ. పైగా నేను లేకపోతే గది నడవదని అందరూ అంటుంటే బాగుండేది.

నాకు జ్వరమొచ్చిన రోజు నా బదులు వెళ్లినవాడు మూయబోయి తెరిచాడు. ఆవిరి కొట్టి కుడిచెయ్యి కాలింది. ఎవరో కాదు, నిన్ను భుజాన తిప్పిన మీ బాబాయే. వాడిదే అజాగ్రత్త అని విచారణలో చెప్పాను, మీకూ అదే చెప్పాను. తప్పు నాది తల్లీ.

నీ ఉత్తరం చదివించుకుని విన్నాక ఈ సంగతి మీ అమ్మకు చెప్పాను. తర్వాత మీ బాబాయి దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకున్నాను. వాడు తన కాలిన చెయ్యి చూసుకుని అడిగాడు.

"ఆ వాల్వు ఇంకా అలాగే ఉందా అన్నా?"

"ఉందట."

"మరి ఇక్కడ కూర్చుని ముక్కు చీదుతావేం? పద, రాద్దాం."

వాడి వేళ్లు ముడుచుకుపోయాయి, కలం నేనే పట్టాను. "ఎందుకలా ఉందో కూడా రాయి. లేకపోతే ఎవడో తప్పనుకుని సరిచేస్తాడు" అన్నాడు.

ఇద్దరం ఫ్యాక్టరీకెళ్లాం. ఇప్పుడున్న బాయిలరాయన కాగితం చూసి నవ్వాడు. "ఇది నాకు తెలిసిందేలే పెద్దాయనా."

"నువ్వు రాని రోజు?" అన్నాడు మీ బాబాయి, చెయ్యి ముందుకు చాపి.

ఆయన వెళ్లి జిగురు తెచ్చాడు.

మీ మేనేజర్నీ అదే మాట అడుగు, ప్రోగ్రాం తయారుచేసినతను ఫోన్ ఎత్తని రోజు ఏం చేస్తారని. మానేసేలోపు అతని ఎదుట కూర్చుని, ప్రతిదీ ఎందుకని అడిగి రాయించు. విసుక్కుంటే విసుక్కోనీ. పొమ్మంటే ఇంటికి రా, తలెత్తుకుని రా.

ఇట్లు,
ఆలస్యంగా కలం పట్టిన
మీ నాన్న