నేల కరిగింది

చిట్టితల్లి ఓడెట్‌కు అమ్మ దీవెనలు.

బాగున్నామని రాస్తే అబద్ధం. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వలేక చలికాలమంతా శ్మశానం రాతిగదిలో ఉంచిన నీ తమ్ముడు రేమండ్‌ను శనివారం సమాధి చేస్తారు. నిన్న మీ నాన్న వాడి పాత స్పోర్ట్స్ కారు ముసుగు తీశాడు. వంటింట్లో వెచ్చగా దాచిన బ్యాటరీ బిగించి తాళం తిప్పితే, రెండు దగ్గులు దగ్గి లేచింది.

"చూశావటే, చలికాలమంతా పడుకుని ఎలా లేచిందో!" అన్నాడు.

"లేవాల్సినవాడు లేవలేదుగా," అన్నాను.

ఇంజను ఆపేశాడు.

శనివారం శవపేటిక వెనకాల ఆ కారులోనే వెళదామంటాడు. ఉన్నవి రెండే సీట్లు. వాడి సీట్లో ఆయన కూర్చుంటే పక్కన కూర్చోవడం నా వల్ల కాదు. నువ్వు శుక్రవారమే వచ్చెయ్యి, నీ బండిలో వస్తాను. పిల్లల దగ్గు తగ్గిందా? వాళ్లకు బూట్లు తొడుగు, శ్మశానమంతా బురద. అల్లుడికి నా ఆశీస్సులు. మీ నాన్నను ఏమీ అనకు. అనవలసినవన్నీ నేనే అనేశాను.

మీ అమ్మ