జూమ్ లేని కెమెరా, మావయ్య కొబ్బరికాయ

బందరు, ఆదివారం రాత్రి

కెమెరా కనిపెట్టిన మహానుభావులకూ, నన్ను డిగ్రీ గట్టెక్కించిన గురువులకూ, గిలకలదిండి రేవులోని సమస్త మత్స్యజాతికీ శిరసు వంచి క్షమాపణలు. నేరం నాది కాదు, కెమెరాది.

ఈ డిజిటల్ కెమెరాకు జూమ్ లేదు. మనిషి పెద్దగా పడాలంటే మనమే దగ్గరికి నడవాలి. అది అలవాటైంది. నొక్కాక ఒక క్షణం ఆలోచించుకుని గానీ ఫొటో తీయదు, అదే ఇంకా ఒంటబట్టలేదు.

ఇన్నేళ్లూ ఎవరెవరి బోట్లమీదో వేటకెళ్లిన పక్కింటి మావయ్య ఇవాళ సొంత బోటు నీళ్లలోకి దించాడు. బోటు ముందుకొనకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. కాయ పగిలిన క్షణానే నొక్కాను. తెరమీద చూస్తే మావయ్య లేడు. ముక్కల కోసం ఎగబడిన పిల్లల వీపులున్నాయి.

"ఇంకో కాయ కొట్టు మావయ్యా!"

"మొదటి కాయ రెండుసార్లు కొడతారేంట్రా? సర్లే, బాగా వచ్చానా?"

"హీరోలా ఉన్నావు."

అత్తయ్య చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏదీ, చూపించు నాయనా. ఈయన కళ్లు మూసేసుంటాడు."

"బ్యాటరీ అయిపోయింది అత్తయ్యా."

సాయంత్రం వాళ్ల గోడకు మేకు కొడుతుంటే మా గదిలోకి వినిపించింది. "ఇంకాస్త పైకి కొట్టండి, వచ్చినవాళ్లకి గుమ్మంలోంచే కనబడాలి ఫొటో" అంటోంది అత్తయ్య.

బ్యాటరీ నిండుగానే ఉంది. ఆవిడ చెయ్యి చాపుతుండగా జేబులో కెమెరా ఆపేసింది నేనే.